మీకు తెలుసా? గుర్రబ్బండి వాక్యూమ్ నుంచి ఆల్విన్ చౌరస్తా దాకా

పటాన్‌చెరు, ఇస్నాపూర్, పాశమైలారం వైపు పాత వాషింగ్ మెషీన్ పాడైతే దానికి రెండే దారులు. ఒకటి వైండింగ్ షాపు, రెండోది కబాడీ తరాజు. రాగి తీగ వేరు, రేకు వేరు, ప్లాస్టిక్ వేరు. యూరప్‌లో మాత్రం అంతే వయసున్న మెషీన్‌ను వెతికి కొని, తుడిచి, రబ్బర్లు మార్చి, మళ్లీ తిప్పి మురిసిపోయే సేకర్తలున్నారు. పిచ్చి అనుకుంటే అనుకోండి. ఆ పాత మెషీన్ల కథలు వింటూ పోతే మధ్యమధ్యలో మన ఊళ్లూ మన వస్తువులూ తగులుతుంటాయి. అలా తగిలినవి ఇవి.

● తొలినాటి మోటారు వాక్యూమ్ క్లీనర్ ఇంట్లోకి వచ్చేది కాదు. 1901లో ఇంగ్లండ్ ఇంజినీరు హ్యూబర్ట్ సెసిల్ బూత్ తయారు చేసిన యంత్రాన్ని గుర్రాలు లాక్కొచ్చి లండన్ వీధుల్లో నిలబెట్టేవి. పొడవాటి గొట్టాలను కిటికీల్లోంచి గదుల్లోకి దింపి దుమ్ము లాగేవాళ్లు. అంతకుముందు బూత్ చూసిన యంత్రం దుమ్మును ఊదేది. ఊదితే దుమ్ము చోటు మారుతుందే తప్ప పోదు, పీల్చాలి అన్నది ఆయన పట్టు. నమ్మకం కుదరక ఒక హోటల్లో కుర్చీ మీద చేతిరుమాలు పరిచి నోటితోనే పీల్చి చూశాడట. దగ్గు వచ్చింది, రుమాలు నల్లబడింది, సంగతి తేలింది. 1902లో ఏడో ఎడ్వర్డ్ పట్టాభిషేకానికి వెస్ట్‌మిన్‌స్టర్ అబేలో తివాచీలు శుభ్రం చేసింది ఈ యంత్రాలే. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో నావికుల బసగా మారిన క్రిస్టల్ ప్యాలెస్‌లో జ్వరాలు ప్రబలితే, బూత్ యంత్రాలు అక్కడ టన్నుల కొద్దీ దుమ్ము లాగాయి.

ఆ గాజు భవనం మనకు కొత్తదేమీ కాదు. అది ఇంకా హైడ్ పార్కులో ఉన్న రోజుల్లో, 1851 మహా ప్రదర్శనలో, వరంగల్ తివాచీలను అక్కడే పెట్టారు.

● తివాచీలు నేసిన నేలే గానీ, గోడ నుంచి గోడ దాకా తివాచీ పరిచిన ఇళ్లు మన దగ్గర ఎన్ని? షాబాదు బండలు, తాండూరు బండలు. పొద్దున చీపురు, ఆ తర్వాత తడిబట్ట. ఇలాంటి ఇంట్లో వాక్యూమ్ క్లీనర్‌కు పనేముంది? అయినా అమ్మారు. 1982లో ఫోర్బ్స్ వాళ్లూ స్వీడన్‌కు చెందిన ఎలక్ట్రోలక్స్ వాళ్లూ కలిసి యురేకా ఫోర్బ్స్ పెట్టి, ‘యూరోక్లీన్’ను ఇంటింటికీ పంపారు. టై కట్టుకున్న కుర్రాడు నేల జోలికి పోకుండా నేరుగా పరుపు మీద గొట్టం పెట్టేవాడు. లోపలి బట్ట తీసి చూపిస్తే బూడిద రంగు పొడి. ‘రోజూ దీని మీదే పడుకుంటున్నారమ్మా’ అనేవాడు. ఇక ఇంటావిడ నోట మాట వచ్చేది కాదు. కొన్నవాళ్లలో చాలామంది దాన్ని పండగలకు దించి, మళ్లీ డబ్బాలో పెట్టి అటకెక్కించారు. మన దగ్గర 1980ల నాటి యూరోక్లీన్ గీత పడకుండా దొరికితే కారణం శ్రద్ధ కాదు, వాడకపోవడమే. సేకర్తలకు ఇంతకన్నా శుభవార్త ఏముంటుంది!

ఇంటింటికీ తిరిగే ఆ పద్ధతి కూడా మనవాళ్లు కనిపెట్టింది కాదు. ఎలక్ట్రోలక్స్ 1920ల్లోనే యూరప్‌లో గుమ్మాలు తట్టింది. 1921 నాటి దాని ‘మోడల్ ఫైవ్’ సేకర్తలకు ప్రాణం. పొడవాటి గొట్టం లాంటి ఒళ్లు, చక్రాలకు బదులు కింద మంచు మీద జారే బండికి ఉండేలాంటి రెండు పట్టీలు. అంతకుముందు, 1910లో, డెన్మార్క్‌లో నిల్‌ఫిస్క్ తెచ్చిన యంత్రం 17.5 కిలోలు. దాన్ని మోసుకుంటూ మెట్లెక్కినవాళ్లకు దండం పెట్టాలి.

● పాశమైలారంలో ‘కిర్బీ’ అన్న బోర్డు చూసి వాక్యూమ్ క్లీనర్ల ఫ్యాక్టరీ అనుకోకండి. అది ఉక్కు షెడ్లు తయారు చేసే కిర్బీ బిల్డింగ్ సిస్టమ్స్, కువైట్ యాజమాన్యంలోనిది. వాక్యూమ్ క్లీనర్ల కిర్బీ వేరు, అది అమెరికాది. పేరొక్కటే కలిసింది.

● గ్రామఫోన్ చచ్చిపోతే వాక్యూమ్ క్లీనర్ పుట్టింది. జర్మనీలో వుప్పర్టాల్ ఊరి ఫోర్‌వెర్క్ కంపెనీ 1883లో తివాచీలతో మొదలై, తర్వాత గ్రామఫోన్ మోటార్లు కూడా చేసేది. రేడియో వచ్చాక ఆ మోటార్లు అడిగేవాడు లేడు. వాటినేం చేయాలో తోచని సమయంలో ఎంగెల్‌బెర్ట్ గొరిసెన్ అనే ఇంజినీరు ఆ మోటారుకు పంకా, సంచీ, కర్ర తగిలించాడు. 1930 నాటి ‘కోబోల్ట్’ అలా వచ్చింది. తివాచీలు అమ్మినవాళ్లే వాటిని దులిపే యంత్రమూ అమ్మారన్నమాట. మోటారు పని తెలిసిన పటాన్‌చెరు మేస్త్రీకి ఈ కథ చెబితే ఆశ్చర్యపోడు. పాడైన మిక్సీ మోటారుతో గ్రైండింగ్ రాయి తిప్పే చేతులు ఇక్కడ కొత్తేమీ కాదు.

● ఇది నాకు బాగా నచ్చిన సంగతి. మన గోడల మీది గుండ్రటి మూడు రంధ్రాల సాకెట్ పాత బ్రిటిష్ ప్రమాణం. బ్రిటన్ 1947లో చదరపు పిన్నుల ప్లగ్గుకు ప్రమాణం తెచ్చి, ఆ తర్వాత ఇళ్లన్నీ మెల్లగా దానికి మార్చుకుంది. మనం గుండ్రటి దాంతోనే ఉండిపోయాం. అందుకే అంతకుముందు నాటి ఇంగ్లిష్ వాక్యూమ్ క్లీనర్ ఒకటి గుండ్రటి మూడు పిన్నుల అసలు ప్లగ్గుతో సహా దొరికితే, దాన్ని లండన్‌లో పెట్టడానికి అడాప్టర్ వెతకాలి గానీ రామచంద్రాపురంలో పెట్టడానికి అక్కర్లేదు. కరెంటు కూడా దాదాపు అదే ఓల్టేజీ, అవే 50 సైకిళ్లు. అమెరికా మెషీన్‌కు ఆ భాగ్యం లేదు. 110 ఓల్టులది తెచ్చి నేరుగా పెడితే కాలిపోతుంది. ఇంగ్లిష్‌దైనా ఎనభై ఏళ్ల వైరును తనిఖీ చేయించకుండా పెట్టకండి. లోపలి రబ్బరు తొడుగు పొడిపొడిగా రాలిపోయి ఉంటుంది.

● వాషింగ్ మెషీన్‌కు కవ్వంతో చుట్టరికం ఉంది. జర్మనీలో మీలే కంపెనీ 1899లో పాల మీగడ తీసే యంత్రాలతో మొదలైంది. ఆ తర్వాత వెన్న చిలికే చెక్క పీపాలు చేసింది. ఆ పీపాలో మీగడకు బదులు బట్టలు తిప్పితే ఎలా ఉంటుందన్న ఆలోచనే 1901లో వాళ్ల తొలి వాషింగ్ మెషీన్ అయింది. పంజాబ్ ఢాబాలవాళ్లు ఈ చరిత్ర చదివారో లేదో గానీ, వాషింగ్ మెషీన్‌లో లస్సీ చిలికి లెక్క సరిచేశారు. తూర్పు జర్మనీ ఇల్లాళ్లదీ ఇదే దారి. ‘డబ్ల్యూఎం 66’ అనే మెషీన్‌లో నీళ్లు కాగే ఏర్పాటు ఉండేది. దాంట్లో బట్టలే కాదు, ఏడాదికి సరిపడా పండ్ల సీసాలూ ఉడికించేవాళ్లు. ఇప్పటికీ దాన్ని దాచుకున్నవాళ్లున్నారు.

● యూరప్ మెషీన్లు నీళ్లను అంతగా ఎందుకు మరిగిస్తాయి? తెల్లబట్టలు ఉడకాల్సిందేనని వాళ్ల నమ్మకం. మన చాకిరేవులో చౌడు పట్టించి, బాన పెట్టి ఉడికించిందీ అందుకే. జర్మనీలో నింపడం, ఉతకడం, జాడించడం, పిండడం అన్నీ దానంతటదే చేసుకునే ‘కన్‌స్ట్రుక్టా’ 1951లో వచ్చింది. ధర రెండు వేల మార్కులు దాటింది. పిండేటప్పుడు దాని ఊపు తట్టుకోలేక నేలకు బోల్టులతో బిగించేవాళ్లు. తర్వాత కాంక్రీటు దిమ్మలను మెషీన్ లోపలే పెట్టి ఆ ఊపును అణిచారు. ఇప్పటి ఫ్రంట్ లోడర్ లేపబోతే నడుం పట్టేయడానికి కారణం ఆ దిమ్మలే.

● పటాన్‌చెరు బస్తీల్లో బాల్కనీలకెక్కిన సెమీ ఆటోమేటిక్ చూడండి. ఒక పక్క ఉతికే తొట్టి, ఇంకో పక్క పిండే తొట్టి. ఇంగ్లండ్‌లో 1950ల చివర్లో హూవర్ కంపెనీ అమ్మిన ‘హూవర్‌మాటిక్’ రూపం ఇదే. అక్కడ దీన్ని సేకర్తలు అపురూపంగా దాచుకుంటున్నారు, ఇక్కడ ఈ రకం కొత్తవి షోరూములో ఉన్నాయి. కారణం నీళ్లు. నల్లా ఎప్పుడొస్తుందో తెలియని ఇంట్లో బకెట్‌తో నింపుకునే మెషీనే నడుస్తుంది. సబ్బు నీళ్లు పారబోయకుండా రెండో విడతకు వాడుకోవచ్చు కూడా. ఇంగ్లండ్‌లో జాన్ బ్లూమ్ అనే కుర్ర వ్యాపారి రెండు తొట్ల మెషీన్లను షాపులతో పనిలేకుండా చవగ్గా అమ్మి కోట్లు గడించాడు. 1964లో ఆయన కంపెనీ రోల్స్ రేజర్ దివాలా తీసింది.

● హూవర్ వాషింగ్ మెషీన్లు వేల్స్‌లోని మెర్తిర్ టిడ్‌ఫిల్‌లో 1948 నుంచి 2009 దాకా తయారయ్యాయి. 1985లో ఇంగ్లండ్ ఆవిష్కర్త క్లైవ్ సింక్లెయిర్ తెచ్చిన మూడు చక్రాల కరెంటు బండి సీ5 కూడా అక్కడే తయారైంది. బండి నవ్వులపాలైంది గానీ, ఇప్పుడు దానికీ సేకర్తలున్నారు.

● మరి మనకు అలాంటి ఫ్యాక్టరీ లేదా? ఉండేది. పటాన్‌చెరు నుంచి నగరానికి పోతుంటే మియాపూర్‌లో ఆల్విన్ చౌరస్తా వస్తుంది. రోజూ ఆ పేరు చెప్పి టికెట్ తీసుకునే కుర్రాళ్లలో అదొక కంపెనీ అని ఎందరికి తెలుసో! నిజాం కాలంలో, 1942లో, అల్లాదిన్ కంపెనీ, నిజాం ఇండస్ట్రియల్ ట్రస్ట్ ఫండ్ కలిసి మొదలుపెట్టిన హైదరాబాద్ ఆల్విన్ బీరువాలు చేసింది, డబుల్ డెకర్ బస్సులకు ఒళ్లు కట్టింది, ఫ్రిజ్‌లు చేసింది, జపాన్ సీకోతో కలిసి చేతి గడియారాలు చేసింది. వాషింగ్ మెషీన్ సేకర్తల జాబితాలో ఇది లేకపోవచ్చు. కానీ మన ఇళ్లలో ఫ్యాక్టరీ వస్తువు అంటే ముందు గుర్తొచ్చేది ఆల్విన్ ఫ్రిజ్జే.

దాని ఫ్రిజ్‌ల విభాగం 1990ల్లో వోల్టాస్‌కు పోయింది. ఆ వోల్టాస్‌ను 1954లో టాటాలతో కలిసి పెట్టినవాళ్లు స్విట్జర్లాండ్ వోల్కార్ట్ సోదరులు. అక్కడి నుంచి ఆల్విన్ పేరు ఎలక్ట్రోలక్స్ చేతికి వెళ్లింది, 1921లో జారుడు పట్టీల వాక్యూమ్ క్లీనర్ చేసిన కంపెనీయే. 2005లో ఎలక్ట్రోలక్స్ భారత వ్యాపారాన్ని వీడియోకాన్ కొనుక్కుంది. ఆల్విన్ ఫ్యాక్టరీ ఉన్న సనత్‌నగర్ సరుకు స్వీడన్ ఖాతా మీదుగా వీడియోకాన్ ఊరు ఔరంగాబాద్ చేరిందన్నమాట. ఆల్విన్ నిస్సాన్‌తో కలిసి ఇప్పటి సంగారెడ్డి జిల్లా జహీరాబాద్‌లో పెట్టిన లారీల ఫ్యాక్టరీ మాత్రం మూతపడలేదు. అది మహీంద్రా చేతికి వెళ్లింది, జహీరాబాద్‌లో వాళ్లు ఇప్పుడు ట్రాక్టర్లు కూడా చేస్తున్నారు.