ఎడారి సఫారీ – ఓరిక్స్ నీటి పద్దు

శీతకాలపు సెలవు దినాలలో ధహ్రాన్, ఖోబర్ వాసులు హాఫ్ మూన్ బే ఇసుక తిన్నెలపై వాహనాలు నడపడం పరిపాటి. తిన్నె మీది చక్రాల జాడను గాలి త్వరలోనే చెరిపివేస్తుంది; కంకర నేలపై అదే జాడ ఏళ్ల తరబడి నిలుస్తుంది. 2019లో సౌదీ అరేబియా పర్యాటక వీసాలు ప్రారంభించినందున ఎడారి సఫారీల విషయంలో ఈ భేదం గమనింపదగినది.

ఈ సఫారీలకు ముఖ్యాకర్షణ అరేబియా ఓరిక్స్. తెల్లని మేను, నిడుపాటి కొమ్ములు గల ఈ మృగం వేట మూలంగా 1972 నాటికి స్వేచ్ఛాజీవిగా అంతరించిపోయింది. అంతకు పదేళ్ల ముందు పట్టిన కొన్నింటితో అమెరికాలోని ఫీనిక్స్ జంతుప్రదర్శనశాలలో ఒక మందను పెంచడం జాతిని నిలిపింది. సౌదీలో వీటిని 1990లో మహాజత్ అస్ సైద్‌లోనూ, 1995లో ఉరూఖ్ బనీ మఆరిద్‌లోనూ తిరిగి వదిలారు. రుబ్ అల్ ఖాలీ ఎడారి పడమటి అంచున గల ఈ రెండవ ప్రాంతం 2023లో ప్రపంచ వారసత్వ స్థలమైంది. ధహ్రాన్ కేంద్రంగా గల అరామ్‌కో సైతం షేబా చమురు క్షేత్రం చెంత 637 చదరపు కిలోమీటర్ల ఎడారిలో ఓరిక్సులను సంరక్షిస్తున్నది.

నీటి చుక్క దొరకని చోట ఇది బ్రతికేదెట్లా? వేసవి పగలు చెమటతో ఒళ్లు చల్లబరచుకొనడానికి బదులు దేహోష్ణాన్ని పెరగనిస్తుంది. రాత్రి ఆ వేడిని చల్లగాలికి వదలివేస్తుంది. ఈ హెచ్చుతగ్గు వేసవిలో సగటున 4 డిగ్రీల సెల్సియస్ అని మహాజత్ పరిశోధనలలో తేలింది. మధ్యాహ్నమంతా చెట్టు నీడన కదలక పడుకొని, రాత్రివేళ మేసిన గడ్డిలోని తేమతోనే దాహం తీర్చుకుంటుంది. అట్టి మృగాన్ని ఒక ఫోటో కోసం మిట్టమధ్యాహ్నం లేపి పరుగెత్తిస్తే, అది ఖర్చు చేసిన నీటిని పూడ్చుకొనే మార్గం ఆ పూటకు లేదు. ఎండవేళ పశువును అదిలించరాదని తెలుగు రైతుకు ఎవరూ చెప్పనక్కరలేదు!

కనుక వాహనాల సంఖ్యనూ, వేళనూ, బాటనూ నిర్ణయించవలసినది పర్యాటకుల రద్దీ కాదు, ఓరిక్స్ నీటి పద్దు. కరువు ఏడు వస్తే సఫారీని ఆపివేయడమే మేలు. 1999–2008 నడుమ వచ్చిన కరువులలో, గడ్డి వెదుకుతూ దూరం పోనివ్వని కంచె లోపల, మహాజత్‌లో వందలాది ఓరిక్సులు మరణించాయి.

కంచె లేని ఒమన్‌లో ముప్పు మరొక రూపాన వచ్చింది. 1996లో సుమారు 450గా ఉన్న ఓరిక్సులు, వేట దొంగల మూలంగా 2007 నాటికి 65కు పడిపోయాయి. ప్రభుత్వం అభయారణ్య విస్తీర్ణాన్ని 90 శాతం తగ్గించగా, యునెస్కో ఆ ఏడే దానిని వారసత్వ జాబితా నుండి తొలగించింది. సజీవ ఓరిక్స్‌కు అంగడిలో పలికే వెల కంటె, అది ఎడారిలో తిరగడం వల్ల స్థానికులకు దక్కే జీతం నమ్మకమైనదిగా ఉండాలి. ఏ వానకు ఏ పల్లంలో గడ్డి మొలుస్తుందో ఎరిగిన ఒంటెల కాపరులకే సఫారీ మార్గదర్శకులుగా, కాపలాదారులుగా తొలి అవకాశం ఇవ్వడం అందుకు సులభమైన ఉపాయం.