ఇంటి ఈతకొలను : పొదుపు లెక్కలు

పెరటిలో ఈతకొలను కట్టించుకొనుట ఒకనాటి వ్యయము. అందలి నీటిని ఈతకు యోగ్యముగా నిలుపుట ప్రతిదిన వ్యయము. మొదటి వేసవి గడవకమునుపే గృహస్థునకు ఈ భేదము తెలిసివచ్చును. అప్పు డాతడు ఖర్చు తగ్గింపదలచి, తరచుగా, తగ్గింపరాని దానినే ముందుగా తగ్గించును. నీరు తేటగా కనబడుచున్నది గదా యని క్లోరిను మానివేయును. తేటదనము వేరు, శుద్ధి వేరు. చిల్లగింజ నరగదీసి కలిపియో, పటిక త్రిప్పియో బురదనీటిని తేర్చుకొనుట మన పల్లెలలో పూర్వాచారము. దానివలన మట్టి అడుగునకు దిగును. సూక్ష్మజీవులు కొన్ని మట్టితోపాటు దిగినను, తక్కినవి నీటిలోనే బ్రదికియుండును.

ఈ భేదమును మరచుట ఎంత ప్రమాదమో తెలుపు ఉదాహరణ మొకటి కలదు. నాటి చెకోస్లవాకియాలోని ఊస్తీ నగరమున 1962 మొదలు 1965 వరకు పదునారుగురు మెదడునకు సోకిన వ్యాధితో మరణించిరి. వారు ఈదినది ఒకే కొలను. అది ఇంటి కొలను కాదు. పైకప్పుగల పెద్ద కొలను. విచారింపగా, దాని గోడవెనుక మరుగుపడిన సందులో నీరు నిలిచి, అచట నీగ్లేరియా యను అమీబా పెంపొందినట్లు తేలినది. ఈ జీవి ముక్కుద్వారా ప్రవేశించి మెదడును చేరును. 2024లో కేరళములోను కొందరు బాలబాలికలు ఇట్టి అమీబా వ్యాధికి బలియైరి. కనుక క్లోరిను విషయమున లోభము పనికిరాదు. ఆ మాటకు వచ్చినచో, సరిగా వాడినప్పుడు దాని కగు వ్యయము స్వల్పమే.

లెక్క కట్టి చూడవచ్చును. ఆరు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు, సగటున 1.2 మీటర్ల లోతుగల చిన్న కొలనులో 21,600 లీటర్ల నీరు పట్టును. పది లక్షల పాళ్ల నీటికి ఒక పాలు క్లోరిను కావలెనన్న, వేయి లీటర్లకు ఒక గ్రాము చాలును. రెండు పాళ్లు ఉంచదలచినచో ఈ కొలనుకు కావలసినది 43 గ్రాములు. క్రొత్త బ్లీచింగు పౌడరులో నూటికి 33 వంతులు క్లోరిను ఉండుననుకొన్న, సుమారు 130 గ్రాముల పొడి సరిపోవును. అయితే ఆ పొడి గాలి, తేమ తగిలినకొలది నిస్సారమగును. బలము నూటికి 20కి దిగినచో 216 గ్రాములు వేయవలసివచ్చును. చవుకగా దొరకినదని ఏడాదికి సరిపడు బస్తా కొని మూల పడవేయుట పొదుపు కానేరదు.

వేయు వేళ మరియొక ముఖ్యవిషయము. నీటిలోని క్లోరినును ఎండ విరిచివేయును. నడివేసవి మధ్యాహ్నమున వేసినదానిలో అధికభాగము రెండుమూడు గంటలలోనే నశించును. సూర్యాస్తమయము పిమ్మట వేసినచో అదే పొడి రాత్రియంతయు పనిచేయును. ఇందుకు చిల్లిగవ్వ ఖర్చు లేదు. సయన్యూరిక్ ఆమ్లము పది లక్షలకు 30 మొదలు 50 పాళ్లు ఉన్నచో క్లోరినును ఎండనుండి కాపాడును. మితిమీరినచో ఆ క్లోరినునే బంధించి మందకొడిగా చేయును. బజారులో అమ్ము క్లోరిను బిళ్లలలో అనేకము ఈ ఆమ్లముతో కూడినవే. బిళ్ల కరగిపోవును గాని, ఆమ్లము కొలనులోనే పేరుకొనును. దానిని తగ్గించుటకు సులభమార్గము కొంత నీటిని పారబోసి క్రొత్తనీరు పట్టుటయే. బిళ్లతో మిగిలిన శ్రమ తుదకు నీటి ఖర్చుగా తిరిగివచ్చు నన్నమాట.

రసాయనశాస్త్రము బోధించు ఉపాధ్యాయులకు కొలను ఒక మంచి ప్రయోగశాల. క్లోరిను నీటిలో రెండు రూపముల నుండును. హైపోక్లోరస్ ఆమ్లము క్రిములను వేగముగా చంపును; హైపోక్లోరైటు అయాను మిక్కిలి బలహీనము. పి.హెచ్. 7.5 వద్ద ఇవి ఇంచుమించు సరిసమానములు. పి.హెచ్. 8కి పెరిగినచో చురుకైన రూపము నాలుగవవంతునకు దిగును. అనగా, పి.హెచ్. చూడనివాడు కొన్న పొడిలో పెద్దభాగము వ్యర్థము. 7.2, 7.8ల మధ్య ఉంచుకొన్న మేలు. బ్లీచింగు పౌడరు పి.హెచ్.ను పెంచును గనుక అప్పుడప్పుడు కొంచెము హైడ్రోక్లోరిక్ ఆమ్లము అవసరమగును. ఈ రెండింటిని మాత్రము ఎన్నడును ఒకే పాత్రలో కలుపరాదు. కలిపినచో వెలువడునది 1915లో ఈప్రె యుద్ధరంగమున సైనికులను చంపిన క్లోరిను వాయువే. మందులను నీటిలో వేయవలెను గాని మందులపై నీరు పోయరాదు.

కొలనువద్ద కన్నులు మండించు ఘాటును జనులు క్లోరిను ఎక్కువైనదనుటకు గుర్తుగా తలంతురు. నిజమునకు చెమట, మూత్రములలోని నత్రజని పదార్థములతో కలిసి క్లోరిను క్లోరమీనులుగా మారగా పుట్టు వాసన యది. దిగుటకు ముందు స్నానము చేయవలెనను నియమము మర్యాదకు మాత్రమే కాదు, మందు మిగులుటకు కూడ.

ఇక నీరు. పైకొలతల కొలనులో దినమునకు 5 మిల్లీమీటర్లు ఆవిరియైనచో 90 లీటర్లు, నెలకు 2,700 లీటర్లు పోవును. బోరునీరే గతియైన తెలంగాణ, రాయలసీమలలో ఇది చిన్నమాట కాదు. కప్పు వేసినచో తిరిగి నింపవలసిన నీరు నూటికి 30 మొదలు 50 వంతులు తగ్గునని అమెరికా ఇంధనశాఖ చెప్పుచున్నది. నీరు ఆవిరియగుచున్నదో, కారుచున్నదో తెలియనప్పుడు బాలురకు సయితము సాధ్యమైన పరీక్ష యున్నది. బకెట్టును కొలనునీటితో నింపి, మెట్టుపై సగము మునుగునట్లు పెట్టి, లోపలి మట్టమును, వెలుపలి మట్టమును గుర్తింపవలెను. ఒక దినము తరువాత వెలుపలిది ఎక్కువగా దిగియున్నచో ఎక్కడనో బీట ఉన్నట్లు భావింపవచ్చును.

విద్యుత్తు ఖర్చంతయు పంపుదే. వేగము సగమైనచో పంపునకు కావలసిన శక్తి, సిద్ధాంతరీత్యా, ఎనిమిదవవంతునకు తగ్గును. అదే నీటిని త్రిప్పుటకు రెట్టింపు కాలము పట్టినను, మొత్తము విద్యుత్తు నాలుగవవంతే. వేగము మార్చుకొనగల పంపు ధర ఎక్కువయైనను, దీర్ఘకాలము నడపువారికి లాభము. ఇసుక వడపోతను ప్రతిదినము ఎదురునీటితో కడుగుట వృథా. ఒత్తిడి మామూలుకంటె 8 లేక 10 పౌండ్లు పెరిగినప్పుడు కడిగిన చాలును. మూలలను, మెట్లక్రింది సందులను మాత్రము వారమువారము బ్రష్షుతో రుద్దవలెను. ఊస్తీలో జరిగినది అట్టి నిలువనీటిలోనే.

వెల చూడరానిది మరొకటి కలదు. అది నాలుగువైపుల కంచె, దానంతట మూసికొను తలుపు. నీటిపై తేలు కప్పు కంచెకు బదులు కాదు. పసిబిడ్డ దానిని నేల యనుకొని కాలు మోపినచో క్రుంగి మీద కప్పికొనును. ఈతకు దిగుటకు ముందు దానిని పూర్తిగా తీసి ఒడ్డున చుట్టిపెట్టవలెను. సగము తీసి దిగరాదు.