ఆసు నేర్పిన ఇంజినీరింగ్

పోచంపల్లి చీర మగ్గమెక్కే ముందు ఆసు పోయాలి. ఒక పక్క ఒంటి మేకు, దానికి ఎదురుగా అర్ధచంద్రాకారంలో మేకుల వరస. ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు దారాన్ని చేత్తో చుట్టుకుంటూ పోవాలి. ఆ తర్వాతే దారాన్ని అక్కడక్కడ బిగించి చిటికి కట్టడం, రంగులద్దడం. ఒక్క చీరకు చెయ్యి సుమారు 9 వేల సార్లు ఆడాలి. రోజుకు రెండు చీరలైతే 18 వేలు. ఎక్కువగా ఇంటి ఆడవాళ్ల మీద పడే పని ఇది. భుజాలు పట్టేస్తాయి, మోచేతులు లాగేస్తాయి, కళ్లు మసకబారతాయి.

ఆలేరు దగ్గరి శారాజీపేటలో తల్లి లక్ష్మి పడే ఆ బాధ చూడలేక చింతకింది మల్లేశం 1992లో ఆసు యంత్రం పనికి పూనుకున్నారు. ఆయన చదువు ఆరో తరగతి దగ్గరే ఆగిపోయింది. యంత్రం పూర్తయ్యేసరికి 1999 వచ్చింది. తల్లి పేరే దానికి పెట్టారు: లక్ష్మీ ఆసు యంత్రం. చీరకు నాలుగైదు గంటలు పట్టే ఆసు ఇప్పుడు గంటన్నరలో అవుతోంది.

2017లో పద్మశ్రీ వచ్చింది. 2019లో ఆయన జీవితం సినిమాగానూ వచ్చింది. కథ అందరికీ తెలిసిందే. అయితే ఆయన పట్టుదలను మెచ్చుకున్నంతగా, ఆయన నేర్చుకున్న తీరును మనం పట్టించుకోలేదని నా అభిప్రాయం. ఆయన ముందు సిలబస్ లేదు. ఆ రోజుకు యంత్రం ఏది అడిగితే అదే పాఠం. ఒక భాగం కుదిరితే తర్వాతి భాగం కొత్త చిక్కు తెచ్చేది. ఇల్లు గడవడానికి హైదరాబాద్ వచ్చి కరెంటు పనులు చేసుకుంటూనే ఆ చిక్కును మోశారు. బాలానగర్‌లో ఒక కార్ఖానాకు పని మీద వెళ్లినప్పుడు, అక్కడ తిరుగుతున్న ఒక యంత్రంలో తనకు కావలసిన కదలిక కంటబడింది. ఆ యంత్రాన్ని రోజూ చూసేవాళ్లు అక్కడ ఎందరో ఉండి ఉంటారు. ఏళ్ల తరబడి అదే వెతుకుతున్న కంటికి మాత్రం అది జవాబులా కనిపించింది.

సొంతంగా తలకెత్తుకున్న పని చేసే మేలు ఇదే. ఏం తెలియదో అది ముందుగా తేల్చి చెబుతుంది. అది తెలిశాక పుస్తకం దొరికినా, మనిషి దొరికినా, కార్ఖానాలో ఒక చక్రం కనిపించినా పట్టుకోగలం.

పెద్ద చదువులు చదివినవాళ్లకూ ఇది వర్తిస్తుంది. స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ డొనాల్డ్ కనూత్ 1977లో తన పుస్తకం కొత్త ముద్రణ ప్రూఫులు చూసి, అక్షరాల అందం నచ్చక, అచ్చు కూర్పుకు తానే ఒక ప్రోగ్రాం రాయడానికి కూర్చున్నారు. త్వరగా తేలిపోతుందనుకున్న పని దాదాపు పదేళ్లు పట్టింది. ఈలోగా గణితం, కంప్యూటర్లు తెలిసిన మనిషి అక్షరం వంపు, పంక్తుల మధ్య ఎడం, అచ్చు చరిత్ర అన్నీ నేర్చుకున్నారు. అలా పుట్టిన టెక్ (TeX) అనే ప్రోగ్రాంతోనే ప్రపంచవ్యాప్తంగా గణితం వ్యాసాలు నేటికీ కూర్చుకుంటున్నారు.

అంత పెద్ద పనులే కానక్కర్లేదు. మా అమ్మ పాడే పెళ్లిపాటలు ఆమె నోట ఉన్నప్పుడే దాచాలని రికార్డింగుకు దిగాను. ఫ్యాను ఆపాలి, కుక్కరు పెట్టకూడదు, ఖాళీ గోడకు బొంత వేలాడదీస్తే గది మారుమోగదు. ఇవన్నీ ఆ పాటలే నేర్పాయి. పాటల్ని చిన్న పుస్తకంగా వేద్దామనుకున్నప్పుడు ఇంకో లోకం తెరుచుకుంది. పాత డీటీపీ ఫాంటులో కొట్టించిన తెలుగు కాగితం మీద ముచ్చటగానే ఉంటుంది, ఫోనులోకి పంపితే పిచ్చిగీతలవుతుంది. యూనికోడ్ ఎందుకు కావాలో నాకు అప్పుడు అర్థమైంది. అవసరం లేని రోజున ఎవరైనా క్లాసు చెప్పి ఉంటే వినేవాణ్ని కాదు.

ఇలాంటి పని మొదలుపెట్టాలనుకునేవారికి నేను గట్టిగా చెప్పేది ఒకటుంది. ఎవరి కోసం చేస్తున్నారో ఆ మనిషి ముఖం కళ్లముందు ఉండాలి. ‘వీడియో ఎడిటింగ్ నేర్చుకుంటా’ అనుకుంటే నెలలో నీరసం వస్తుంది. తాతయ్య నాగలి చెక్కే తీరును మనవలు చూసేలా తీయాలనుకుంటే ఎడిటింగ్ దానంతటదే వస్తుంది. తొలిరోజు నుంచే వ్యూలు, రాబడి లెక్కేసుకోవద్దు. నేర్చుకునేవాడికి తప్పులు చేసే తీరిక కావాలి, లెక్కలు ఆ తీరికను తినేస్తాయి.

ఆ తీరిక అందరికీ ఒకేలా ఉండదు. ఏడేళ్ల కష్టం కథగా వినడానికి బాగుంటుంది, బతకడానికి బాగుండదు. మల్లేశం గారికి పనికొచ్చిన కదలిక ఊళ్లో కాదు, నగరంలో దొరికిందన్న సంగతినీ తేలిగ్గా తీసుకోకూడదు. నమూనాలు తయారు చేసుకునేవారి కోసం 2023లో హైదరాబాద్‌లో టీ-వర్క్స్ తెరిచారు, మంచి పని. కానీ నేత ఊళ్లకు, రేవు పట్టణాలకు అది దూరం. జిల్లాల్లో ఐటీఐలు, పాలిటెక్నిక్‌లు ఉన్నాయి. వాటిలో లేతులు, డ్రిల్లింగ్ యంత్రాలు, వెల్డింగ్ సెట్లు ఉన్నాయి. తరగతులు అయిపోయాక సాయంత్రాలు, ఆదివారాలు ఒక ఇన్‌స్ట్రక్టర్‌ను కూర్చోబెట్టి, నామమాత్రపు రుసుముతో ఊరివాళ్లకు ఆ గదులు తెరిచిపెట్టవచ్చు. సర్టిఫికెట్లు ఇవ్వనక్కర్లేదు, వయసు అడగనక్కర్లేదు. ముందు జిల్లాకు ఒక్క ఐటీఐతో మొదలుపెట్టినా చాలు.