బ్యాకప్ తీసే ఖాతాకు ఎంత అధికారం ఇవ్వాలి?

2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్‌పై సైబర్ దాడి జరిగింది. ఐదు సర్వర్లలోని సుమారు 1.3 టెరాబైట్ల సమాచారం ఎన్‌క్రిప్ట్ అయింది. రోగుల నమోదుతో సహా అనేక సేవలను రోజుల తరబడి కాగితాలపైనే నడపవలసి వచ్చింది. ఈ-హాస్పిటల్ సమాచారాన్ని దాడికి గురికాని ఒక బ్యాకప్ సర్వర్ నుంచి తిరిగి పొందినట్లు ప్రభుత్వం పార్లమెంటుకు తెలిపింది. బ్యాకప్ ఉంటే సరిపోదు, దాడి చేసినవారికి అది అందకూడదు. ఇందులో అనుమతులదే కీలక పాత్ర.

చదివే అధికారం చాలు

సాధారణంగా రాత్రివేళ ఒక స్క్రిప్టు తనంతట తానే నడిచి, డేటాబేస్ నకలు తీసి, కుదించి, మరోచోటికి పంపుతుంది. సౌలభ్యం కోసం చాలామంది దీనికి రూట్ ఖాతానే అప్పగిస్తారు. ఆ పాస్‌వర్డ్ బయటపడితే డేటాబేస్ మొత్తం పరుల వశమవుతుంది. నకలు తీయడానికి అంత అధికారం అక్కరలేదు. మైఎస్‌క్యూఎల్‌లో సెలెక్ట్, షో వ్యూ, ట్రిగ్గర్ వంటి కొద్దిపాటి అనుమతులతో ప్రత్యేక ఖాతా తెరవవచ్చు. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ 14వ వెర్షన్ నుంచి సమాచారమంతటినీ చదవడానికి మాత్రమే వీలు కల్పించే పాత్ర సిద్ధంగా ఉంది.

పాస్‌వర్డ్‌ను స్క్రిప్టులో గానీ, ఆదేశ వాక్యంలో గానీ రాయకూడదు. దానిని యజమాని మాత్రమే చదవగలిగేలా 600 అనుమతి గల వేరే ఫైలులో ఉంచాలి. ఈ ఫైలును ఇతరులు కూడా తెరవగలిగేలా ఉంచితే యూనిక్స్ తరహా వ్యవస్థల్లో పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ దానిని పరిగణనలోకే తీసుకోదు.

రాయవచ్చు, చెరపకూడదు

నకళ్లు చేరే నిల్వ కేంద్రంలో స్క్రిప్టు ఖాతాకు కొత్త ఫైళ్లను చేర్చే హక్కు మాత్రమే ఉండాలి. పాతవాటిని తొలగించే, మార్చే హక్కు ఉండకూడదు. గడువు తీరిన నకళ్ల తొలగింపును నిల్వ కేంద్రపు నియమాలకే వదిలిపెట్టాలి. అప్పుడు సర్వర్ శత్రువు చేతికి చిక్కినా పాత నకళ్లు భద్రంగా ఉంటాయి.

మౌనంగా విఫలమైతే?

2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజనీరు పొరపాటున ప్రధాన డేటాబేస్‌ను తొలగించారు. రోజువారీ నకళ్ల కోసం వెతికితే ఒక్కటీ కనిపించలేదు. డేటాబేస్ 9.6 వెర్షన్ కాగా, నకలు తీసే సాధనం 9.2 వెర్షన్‌ది కావడంతో ఆ పని విఫలమవుతూ వచ్చింది. హెచ్చరిక ఈమెయిళ్లు తిరస్కరణకు గురికావడంతో ఆ సంగతి ఎవరికీ తెలియలేదు. వేరే అవసరానికి ఆరు గంటల ముందు తీసిన ప్రతి ఉండటంతో సంస్థ గట్టెక్కింది. మధ్యలో జరిగిన మార్పులు మాత్రం తిరిగి రాలేదు.

స్క్రిప్టులోనూ ఇటువంటి ప్రమాదమే పొంచి ఉంటుంది. నకలును నేరుగా కుదింపు ఆదేశానికి అందిస్తే, నకలు విఫలమైనా కుదింపు సఫలమైనందున మొత్తం పని విజయవంతమైనట్లే నమోదు కావచ్చు. బ్యాష్‌లో పైప్‌ఫెయిల్ అమరికతో దీనిని నివారించవచ్చు. ఫైలు పరిమాణాన్ని సరిచూడటం, వైఫల్యంతో పాటు విజయాన్ని కూడా తెలియజేసే సందేశం పంపడం మేలు. రావలసిన సందేశం రాకపోతే అదే హెచ్చరిక అవుతుంది.

అన్నింటికంటే ముఖ్యమైనది పునరుద్ధరణ పరీక్ష. కనీసం నెలకొకసారి నకలును వేరే సర్వర్‌లో తెరిచి చూడాలి. తెరిచి చూడని నకలును బ్యాకప్‌గా లెక్కించలేము.