చే గువేరా దక్షిణ అమెరికా యాత్ర (1952)

తరువాతి కాలంలో చే గువేరాగా ప్రపంచ ప్రసిద్ధి పొందిన ఎర్నెస్టో గువేరా, వైద్య విద్యార్థిగా ఉన్న రోజులలో తన మిత్రుడు ఆల్బెర్టో గ్రనాడోతో కలసి చేసిన ప్రయాణాన్ని చే గువేరా దక్షిణ అమెరికా యాత్ర అంటారు. 1952 జనవరిలో అర్జెంటీనాలో మొదలైన ఈ యాత్ర చిలీ, పెరూ, కొలంబియాల మీదుగా సాగి, అదే సంవత్సరం జూలైలో వెనిజులాలో ముగిసింది. దీనిని 'మోటారు సైకిలు యాత్ర' అని పిలవడం పరిపాటి అయినప్పటికీ, ఆ మోటారు సైకిలు రెండు నెలలకే మూలబడింది. మిగిలిన ఐదు నెలలు వీరు లారీల మీద, ఓడలలో, తెప్ప మీద, కాలినడకన ప్రయాణించారు. చేతిలో డబ్బు ఎప్పుడూ చాలినంత లేదు. దారి పొడవునా ఎవరో ఒకరు పెట్టిన తిండి, ఇచ్చిన చోటే వీరిని ముందుకు నడిపించాయి.

నేపథ్యం

గువేరా 1928 జూన్ 14న అర్జెంటీనాలోని రొసారియో పట్టణంలో జన్మించాడు. పసితనం నుండి ఉబ్బసం అతనిని వేధించింది. బ్యూనస్ ఎయిర్స్ విశ్వవిద్యాలయంలో వైద్యం చదువుతూ, 1950లో సైకిలుకు చిన్న ఇంజను అమర్చుకొని ఉత్తర అర్జెంటీనాలో సుమారు 4,500 కిలోమీటర్లు ఒంటరిగా తిరిగాడు. 1922లో జన్మించిన గ్రనాడో జీవరసాయన శాస్త్రజ్ఞుడు. కొర్దొబా రాష్ట్రంలోని ఒక కుష్ఠురోగుల ఆసుపత్రిలో పనిచేశాడు. 1951 అక్టోబరులో ఇద్దరూ మాటల మధ్య ఈ యాత్ర తలపెట్టారు. అప్పటికి గువేరాకు ఇంకా కొన్ని పరీక్షలు మిగిలి ఉన్నాయి. తిరిగి వచ్చి పట్టా పుచ్చుకుంటానని తల్లికి మాట ఇచ్చి బయలుదేరాడు.

వాహనం గ్రనాడోది. అది 1939 నాటి 500 సీసీ నార్టన్ మోటారు సైకిలు. దానికి 'లా పొదెరోసా' అని పేరు పెట్టారు. స్పానిష్ భాషలో ఈ మాటకు 'శక్తిమంతురాలు' అని అర్థం. దాని నడతకు, పేరుకు పొంతన లేకపోయింది.

చిలీ వరకు

1952 జనవరి 4న బ్యూనస్ ఎయిర్స్ వదలి, సముద్రతీరాన ఉన్న మిరమార్ వెళ్ళారు. గువేరా ప్రియురాలి కుటుంబం అప్పుడు అక్కడ విడిది చేసి ఉన్నది. అమెరికా చేరితే తనకొక వస్తువు కొనమని ఆమె 15 డాలర్లు ఇచ్చింది. దారిలో ఎంత ఆకలి వేసినా వాటిని ముట్టరాదని అతడు నియమం పెట్టుకున్నాడు. కొద్ది రోజులకే జ్వరం వచ్చి చోయెలె చోయెల్ ఊరి ఆసుపత్రిలో చేరవలసి వచ్చింది. బండి మాటిమాటికి బోల్తా పడేది. విరిగిన భాగాలను తీగతో కట్టి నడిపేవారు.

ఆండీస్ పర్వతాల వద్ద సరస్సులు దాటి చిలీలో ప్రవేశించడానికి పడవ కిరాయి కూడా వీరి వద్ద లేదు. పడవలోకి ఊరే నీటిని పంపుతో తోడిపోసే పని చేసి ఆ కిరాయి చెల్లుబెట్టుకున్నారు. చిలీలోని టెముకో పట్టణంలో 'ఎల్ ఆస్ట్రాల్' అనే పత్రిక, ఇద్దరు అర్జెంటీనా కుష్ఠువ్యాధి నిపుణులు మోటారు సైకిలుపై దక్షిణ అమెరికా పర్యటిస్తున్నారని వార్త ప్రచురించింది. గ్రనాడో విషయంలో ఇది కొంతవరకు నిజమే గాని, గువేరా అప్పటికి విద్యార్థి మాత్రమే. ఆ వార్త పుణ్యమా అని అంతవరకు దేశదిమ్మరులుగా కనబడినవారు గౌరవనీయులైన అతిథులయ్యారు. లోస్ ఆంజెలెస్ పట్టణంలో స్వచ్ఛంద అగ్నిమాపక దళం వారి వసతిలో నిద్రించి, అర్ధరాత్రి గంట మోగితే వారితోపాటు మంటలు ఆర్పడానికి కూడా వెళ్ళారు. మోటారు సైకిలు ఇక కదలనని మొరాయించగా, దానిని లారీ మీద సాంటియాగో చేర్చి, అక్కడే వదలిపెట్టారు.

ఖర్చు లేకుండా గడిపిన విధానం

ఆసుపత్రులు, పోలీసు ఠాణాలు, సైనిక శిబిరాలు, రైతుల కొట్టాలు వీరికి సత్రాలు. భోజనం సంపాదించడానికి వీరు పన్నిన ఉపాయాన్ని గువేరా తన దినచర్యలో వివరంగా రాశాడు. ఫలహారశాలలో నలుగురూ వినేటట్లు అర్జెంటీనా యాసలో మాట్లాడేవారు. ఎవరైనా కుతూహలంతో పలకరిస్తే, మాటల నడుమ ఒకరు నిట్టూర్చి, తాము బయలుదేరి సరిగ్గా ఏడాది అయిందని, పండుగ చేసుకోవడానికి డబ్బు లేదని చెప్పేవారు. జాలిపడి అవతలివారు పానీయం తెప్పిస్తే కొంచెం తాగి ఆపివేసేవారు. కారణం అడిగితే, తమ దేశంలో ఏమీ తినకుండా తాగే ఆచారం లేదని మొహమాటంగా బదులిచ్చేవారు. అప్పుడు భోజనం కూడా వచ్చేది. యాత్ర మొత్తం ఏడు నెలలే సాగింది కాబట్టి ఏడాది పూర్తి కావడం అబద్ధమని వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ తంత్రాలు అన్నివేళలా పారలేదు. సాన్ మార్టిన్ దె లోస్ ఆండెస్‌లో ఒక విందులో పనికి కుదిరి, మత్తెక్కినట్లు నటిస్తూ గువేరా కొన్ని ద్రాక్షసారా సీసాలను ఒకటొకటిగా చాటుకు చేర్చి దాచాడు. తీరా వెళ్ళి చూస్తే మరెవరో వాటిని ఎత్తుకుపోయారు.

చిలీ రేవుపట్టణమైన వాల్పరైసోలో ఒక ఫలహారశాల యజమాని వీరికి ఉచితంగా అన్నం పెట్టాడు. ఒక వృద్ధురాలికి ఉబ్బసం, గుండెజబ్బు ఉన్నాయని తెలిసి గువేరా ఆమెను చూడబోయాడు. ఇరుకు గదిలో, సంపాదన లేని మనిషిని భారంగా చూసే ఇంటివారి మధ్య ఆమె పడి ఉన్నది. తన వద్ద ఉన్న కొద్దిపాటి మాత్రలు ఇవ్వడం కంటె అతడు చేయగలిగింది లేకపోయింది. అదే జబ్బుతో బాధపడేవాడు కనుక ఆమె స్థితి అతనికి తెలియనిది కాదు. వైద్యం ఆమె పేదరికాన్ని మాన్పలేదన్న ఆలోచన అతని దినచర్యలో స్పష్టంగా కనిపించేది ఇక్కడనే.

రాగి గని

వాల్పరైసో నుండి 'సాన్ ఆంటోనియో' అనే ఓడలో టిక్కెట్టు లేకుండా మరుగుదొడ్డిలో దాక్కొని ఉత్తర దిశగా పయనించారు. పట్టుబడిన తరువాత గువేరాకు మరుగుదొడ్లు కడిగే పని, గ్రనాడోకు బంగాళాదుంపలు చెక్కు తీసే పని అప్పగించారు. ఆంటోఫగాస్టాలో దిగి, ఎడారి మార్గాన చుకికమాట రాగి గని వైపు వెళ్ళారు.

మార్గమధ్యంలో బకెదానో అనే చోట ఒక గని కార్మికుడు, అతని భార్య కలిశారు. అతడు కమ్యూనిస్టు అయినందున మూడు నెలలు జైలులో ఉండి వచ్చాడు. మరెక్కడా పని దొరకక, పేరు, పూర్వోత్తరాలు ఎవరూ అడగని గంధకపు గనులకు వెళుతున్నాడు. ఎడారి చలిలో వారికి కప్పుకోవడానికి దుప్పటి కూడా లేదు. మిత్రులిద్దరూ తమ దుప్పట్లలో ఒకటి వారికిచ్చి, రెండవదానిలో తాము సర్దుకున్నారు. రొట్టె, జున్ను, మాతే అనే ఆకు తేనీరు పంచుకున్నారు. అంతవరకు ఇతరుల నుండి పుచ్చుకుంటూ వచ్చినవారికి తమకంటె లేనివారు ఎదురుకావడం ఈ ఘట్టంలోని విశేషం. తాను ఎన్నడూ ఎరుగనంత చలి అనుభవించిన ఆ రాత్రే మానవజాతితో దగ్గరితనం కూడా కలిగినదని గువేరా రాశాడు. చుకికమాట గని ఆనాడు అమెరికా సంస్థ యాజమాన్యంలో ఉండేది. చిలీ ప్రభుత్వం 1971లో రాగి గనులను జాతీయం చేసింది.

పెరూ

పెరూలో ప్రయాణమంతా సరుకుల లారీల మీదనే సాగింది. వెనుక భాగంలో ఆయ్‌మారా, కెచువా జాతుల స్థానికులు మూటలతో, పశువులతో కిక్కిరిసి ఉండేవారు. ఒక లారీలో, అప్రా అనే రాజకీయపక్షానికి చెందినవాడైనందున ఉద్యోగం పోగొట్టుకున్న ఒక ఉపాధ్యాయుడు తారసపడ్డాడు. బడిలో నేర్పే చదువు స్థానికుల పిల్లలకు తమ జాతిపట్ల సిగ్గు కలిగిస్తున్నదని అతడు వాపోయాడు. గువేరా ఈ సంభాషణను దీర్ఘంగా నమోదు చేశాడు. మచు పిచ్చు శిథిలాల వద్ద ఫుట్‌బాల్ ఆడి మెప్పించి, అక్కడి హోటలులో ఉచితంగా బసచేశారు. డబ్బు చెల్లించే పర్యాటకులు రాగానే ఖాళీ చేశారు.

ఆండీస్ ఎత్తులలో ఉబ్బసం విజృంభించింది. మందులు తరచు నిండుకునేవి. ఆండవాయ్‌లాస్‌లో ఆసుపత్రి పాలయ్యాడు. ఖర్చులేని ప్రయాణం ఆరోగ్యవంతునికి సాహసం, అతనికి మాత్రం ప్రాణాపాయం.

మే 1న లీమా చేరారు. కుష్ఠువ్యాధి పరిశోధకుడు డాక్టర్ ఉగో పెస్సే వీరికి వసతి ఏర్పాటు చేసి, భోజనం పెట్టి, బట్టలు ఇచ్చి ఆదరించాడు. గువేరా 1960లో తన 'గెరిల్లా యుద్ధం' గ్రంథం వెలువడినప్పుడు ఒక ప్రతిని కృతజ్ఞతతో ఆయనకు పంపాడు. లీమాలోని కుష్ఠురోగులు ఈ ఇద్దరు యాత్రికుల కొరకు తమలో తాము చందా వేసుకొని 100 సోళ్ళ 50 సెంటావోలు పోగుచేసి, ఒక లేఖతో సహా అందజేశారు. చేతులు తొడుగుకోకుండా తమతో కరచాలనం చేసి, పక్కన కూర్చొని ముచ్చటించినవారు వారికి అరుదు.

సాన్ పాబ్లో

జూన్ 8న అమెజాన్ నది ఒడ్డున ఉన్న సాన్ పాబ్లో కుష్ఠురోగుల నివాసానికి చేరారు. అడవి నడుమ సుమారు 600 మంది రోగులు తమ గుడిసెలలో కాపురాలు చేసుకుంటున్నారు. జూన్ 14న గువేరా 24వ జన్మదినాన సిబ్బంది విందు చేశారు. వారికి ధన్యవాదాలు చెబుతూ, మెక్సికో నుండి మెగల్లాన్ జలసంధి వరకు ఉన్నది ఒకే జాతి అని అతడు ప్రసంగించాడు. రోగులు పడవలో వచ్చి పాటలు పాడి వీడ్కోలు చెప్పారు.

అక్కడివారు కట్టి ఇచ్చిన 'మాంబో-టాంగో' అనే తెప్ప మీద ఇద్దరూ దిగువకు సాగారు. నిద్రలో ఉండగా దిగవలసిన లెతీసియా దాటిపోయింది. వెనుకకు రావడానికి మరొక పడవ సంపాదించవలసి వచ్చింది. లెతీసియాలో స్థానిక ఫుట్‌బాల్ జట్టుకు శిక్షణ ఇచ్చి పొట్టపోసుకొని, విమానంలో బొగొటా చేరారు.

తిరుగు ప్రయాణం, గ్రంథం

జూలై 17న కరకాస్ చేరిన తరువాత గ్రనాడోకు అక్కడ ఒక కుష్ఠురోగుల ఆసుపత్రిలో ఉద్యోగం లభించింది. గువేరా పందెపు గుర్రాలను తీసుకువెళ్ళే సరుకు విమానంలో మయామీ వెళ్ళాడు. విమానం చెడిపోగా, అక్కడ దాదాపు నెల రోజులు చిల్లర పనులతో గడిపి, ఆగస్టు 31న ఇల్లు చేరాడు. తల్లికి ఇచ్చిన మాట ప్రకారం 1953లో వైద్య పట్టా అందుకున్నాడు.

దినచర్యను అతడు తిరిగి వచ్చిన తరువాత సవరించి రాశాడు. అందువలన అందులోని కొన్ని భావాలు ఏ రోజు కలిగినవో, తరువాత చేర్చినవో వేరుచేయడం కష్టం. గువేరా 1967 అక్టోబరు 9న బొలీవియాలో చంపబడిన చాలా కాలానికి, 1990వ దశకంలో ఈ రచన గ్రంథరూపంలో వెలువడింది. గ్రనాడో కూడా తన దినచర్యను వేరుగా ప్రచురించాడు. ఈ రెండింటి ఆధారంగా వాల్టర్ సాలెస్ దర్శకత్వంలో 2004లో 'ది మోటార్ సైకిల్ డైరీస్' చలనచిత్రం వచ్చింది. 1961 నుండి క్యూబాలో స్థిరపడిన గ్రనాడో 2011 మార్చి 5న హవానాలో మరణించాడు.