చర్మములోని కావలివాండ్రు

పాదమున ముల్లు గ్రుచ్చుకొని చీము పట్టిన పిల్లవానికి గజ్జలో బిళ్ళ కట్టుట మన గోపాల్‌పేటలో చూడని తల్లి యుండదు. గాయ మొకచోట, వాపు మఱియొకచోట! ఈ వింత తెలియవలెనన్న చర్మమునందలి కొన్ని కణముల కథ వినవలెను.

1868లో బెర్లిను నగరమున, ఇంకను వైద్యవిద్యార్థిగానున్న పాల్ లాంగర్‌హాన్సు, మనుష్యచర్మపు తునకకు బంగారు లవణముతో రంగు పట్టించి సూక్ష్మదర్శినిలో చూచెను. పైపొరలో కొమ్మలు చాచిన నల్లని కణములు కనబడెను. అవి నాడులకు సంబంధించినవని యాతడు తలచెను. అది పొరపాటే, కాని చూచినదానిని చూచినట్లు చిత్రించెను గనుక ఆ కణములకు నేటికిని ఆతని పేరే నిలిచినది. 1973లో న్యూయార్కున రాల్ఫ్ స్టైన్‌మను, జాన్విల్ కోను అనువారు ఎలుకప్లీహములో ఈ జాతి కణములనే కనుగొని, చెట్టునకు గల గ్రీకు పేరునుబట్టి డెండ్రిటిక్ కణములనిరి. 2011లో స్టైన్‌మనునకు నోబెలు బహుమానము ప్రకటింపబడెను. ఆయన మూడు దినములకు పూర్వమే మృతినొందెనని ప్రకటించినవారెఱుగరు!

ఈ కణములు శత్రువుతో తుదివఱకు పోరాడునవి కావు. పూర్వము మన గ్రామములలో తలారి, క్రొత్తవాని జాడ గనిపెట్టి, ఆనవాలు గొనిపోయి పోలీసు పటేలునకు చూపెడివాడు. ఇవియు నట్లే. చొరబడిన క్రిమిని పట్టి, దాని తునకను తమపై ధరించి, గజ్జలోను చంకలోను నుండు లింఫు గ్రంథులకు పయనమగును. అచ్చట టీ కణములను తెల్లకణములకు ఆ యానవాలు చూపగా, తగినవి దానిని గుర్తించి వేలకొలది వృద్ధిబొందును. గ్రంథి యుబ్బుటకు ఇదియొక ముఖ్యకారణము. శిశువుల భుజమున వేయు బి.సి.జి. టీకా వార్తను మోయునవియు నీ జాతి కణములే.

తలారియు నొక్కొక్కప్పుడు పొరబడును. చాకలివారు బట్టలకు గుర్తు వేయు నల్లజీడి రసము కొందఱికి సోకిన పొక్కులు లేచుట, క్రిమి కానిదానిని శత్రువని చాటినందువలననే.

కుష్ఠురోగమున ఈ కావలి యెంత విలువగలదో తేటపడును. 1873లో హాన్సెను కనుగొన్న క్రిమి యొక్కటే. అయినను ఒకనికి ఒకటి రెండు పాలిన మచ్చలతో నిలుచును, మఱియొకనికి దేహమెల్ల వ్యాపించును. మొదటి విధపు మచ్చలలో లాంగర్‌హాన్సు కణములు విస్తారముగ నుండును, రెండవదానిలో అరుదు. భేదము దేహపు ప్రతిక్రియలో నున్నది. పూర్వజన్మపాపమని వెలివేసినవారు తెలియక క్రూరులైరి. నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో 1915లో తెఱవబడిన ఆసుపత్రియందు డాక్టరు ఇసబెల్ కెర్ అట్టివారిని చేర్చుకొని, ఆ కాలమున దొరకిన చాల్‌ముగ్రా జాతి తైలముతో చికిత్స చేసిరి. 1981నుండి ప్రపంచ ఆరోగ్యసంస్థ సూచించిన బహుళ ఔషధచికిత్స ఆఱు నెలలలోనో పండ్రెండు నెలలలోనో క్రిమిని రూపుమాపుచున్నది, ప్రభుత్వాసుపత్రులలో ఉచితము.

అయితే ఈ మచ్చ నొప్పి పెట్టదు, దురద పుట్టదు; చొక్కా చేయి క్రింద దాచుట సులువు. మందు క్రిమిని చంపును గాని, బహుకాలము చెడిపోయిన నాడికి స్పర్శను మరల నీయజాలదు. అట్టివాడు పొయ్యిమీది గిన్నెను వట్టిచేతులతో దింపి, చేయి కాలినదని పొక్కు చూచిన తరువాత తెలిసికొనును.