జనవరి ఒకటిన పుట్టిన అవ్వలు

ఒకటో తారీఖు. ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. ప్రకాశం జిల్లాలో ఏ పల్లెకు వెళ్లినా అవ్వలు అప్పటికే ముఖం కడుక్కుని, బొట్టు పెట్టుకునే అలవాటున్నవాళ్లు పెట్టుకుని, అరుగుల మీద కూచుని ఉంటారు. ఒళ్లో ప్లాస్టిక్ కవరు, అందులో ఆధార్ కార్డు. వీధి మొదట్లో సచివాలయం ఉద్యోగి బండి చప్పుడు వినబడగానే ఒకామె కుడిచేతి వేళ్లు తలకు రుద్దుకుంటుంది. తలనూనె అంటితే మిషను మీద వేలు పడుతుందని ఆమె నమ్మకం.

"అవ్వా, బొటనవేలు కాదు, చూపుడువేలు పెట్టు."

పడదు. కొంగుతో తుడుచుకుని పెడుతుంది. అయినా పడదు. ఎడమచేతి వేలు పెడితే ఎట్టకేలకు పడుతుంది. ఎనిమిది ఐదువందల నోట్లు చేతికొస్తాయి. రెండుసార్లు లెక్క చూసుకుని ఏడింటిని నడుముకున్న తిత్తిలో దోపుకుంటుంది. ఎనిమిదోది చేతిలోనే ఉంచుకుంటుంది. అది మందుల షాపు బాకీకి.

ఈ పింఛను తంతు ఆంధ్రప్రదేశ్‌లో నెలనెలా 60 లక్షలకు పైగా గడపల్లో జరుగుతోంది. అందరూ ముసలివాళ్లే కాదు. వితంతువులు, దివ్యాంగులు, చేనేత కార్మికులు, మత్స్యకారులు, డప్పు కళాకారులు, చర్మకారులు కూడా ఈ లెక్కలోకే వస్తారు. ఇంత విస్తారంగా, ఇంటి దగ్గరికే వెళ్లి నగదు పంచే ఏర్పాటు దేశంలో అరుదు. దానికి తగ్గ మెప్పు ఇవ్వాల్సిందే. అయితే ఆ బండి ఆగని అరుగులు కూడా ఉన్నాయి. వాటి మీద కూచున్నవాళ్లు ఎందుకు మిగిలిపోయారో చూడాలి.

పింఛను సొమ్ము పెరిగిన తీరు తెలుగు రాజకీయాల చరిత్రే. 2014 అక్టోబరు 2 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో రూ.200 కాస్తా రూ.1,000 అయింది. 2019 ఎన్నికల ముందు అది రూ.2,000కు చేరింది. ప్రభుత్వం మారాక రూ.2,250 అయి, అక్కడి నుంచి మెట్టు మెట్టుగా 2024 జనవరికి రూ.3,000 అయింది. మళ్లీ ప్రభుత్వం మారింది. 2024 జులై 1న ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు పెనుమాక గ్రామంలో రూ.4,000 పింఛను పంపిణీ మొదలుపెట్టారు. అంతకుముందు మూడు నెలల బకాయి కూడా కలిపి ఆ రోజు ఒక్కొక్కరి చేతిలో రూ.7,000 పడ్డాయి. ఒకటో తారీఖు ఆదివారమైతే ముందురోజే పంచేస్తున్నారు. తెలంగాణలో 2014 నవంబరులో ఆసరా పింఛను రూ.1,000తో మొదలై 2019లో రూ.2,016 అయింది. 2023 ఎన్నికల్లో రూ.4,000 ఇస్తామన్న హామీ వచ్చింది. 2025 మధ్యకు వచ్చినా అవ్వల చేతికి అందింది ఆ రూ.2,016 మాత్రమే.

మరి ఢిల్లీ వాటా ఎంత? వృద్ధులకు కేంద్రం పింఛను ఇవ్వడం 1995 ఆగస్టు 15న మొదలైంది. అప్పటి ప్రధాని మన పీవీ నరసింహారావు. నెలకు రూ.75. 2007లో ఆ పథకానికి ఇందిరాగాంధీ పేరు పెట్టేనాటికి అది రూ.200. నేటికీ రూ.200లే. ఎనభై దాటితే రూ.500. అంటే పెనుమాక అవ్వ రూ.4,000లో కేంద్రం వాటా ఉంటే గింటే నూటికి ఐదు. అది కూడా కేంద్రం కట్టిన లెక్కలోకి వచ్చిన పేదలకే. ఈ పథకం కింద దేశం మొత్తం మీద ఉన్నది సుమారు 2.2 కోట్ల మంది. 2011 జనగణన నాటికే దేశంలో అరవై దాటినవారు 10 కోట్ల పైచిలుకు. రాష్ట్రానికి ఓపిక ఉంటే అవ్వకు అన్నం, లేకపోతే లేదు. ఇదీ వరస.

పదేళ్ల పిల్ల చంకలో బిడ్డ

ఎంత ఇస్తున్నారన్నది సరే, ఎవరికి ఇస్తున్నారన్న దగ్గరే అసలు పేచీ. ఏ ఊళ్లోనైనా కూలి చేసుకు బతికిన ముసలివాళ్ల ఆధార్ కార్డులు పది తీసి పక్కపక్కన పెట్టి చూడండి. చాలామంది పుట్టినరోజు ఒకటే కనిపిస్తుంది. జనవరి ఒకటి. ఊరంతా ఒకేరోజు పుట్టలేదు. పుట్టిన కాగితం లేనివాళ్లను ఆధార్ నమోదుకు వచ్చిన కుర్రాడు "ఎన్నేళ్లుంటాయి?" అని అడిగాడు. "నాకేం తెలుసు నాయనా, నువ్వే రాసుకో" అన్నారు. మొహం చూసి ఒక అంకె వేశాడు. సంవత్సరం మాత్రమే తెలిస్తే కంప్యూటరు దానికి జనవరి ఒకటి తగిలించుకుంది.

తీరప్రాంతంలో వయసు అడిగితే అంకె చెప్పరు. "ఉప్పెన నాటికి మా పెద్దోడు చంకలో ఉన్నాడు" అంటారు. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19. బిడ్డ తల్లికి అప్పటికి ఇరవై ఉన్నాయనుకున్నా ఇవాళ ఆమెకు డెబ్బైకి దగ్గర. ఆమె కార్డు మీద 1967 అని పడిందనుకోండి. ప్రభుత్వం లెక్కలో ఆమె పదేళ్ల వయసులో చంటిబిడ్డను ఎత్తుకుని ఉప్పెనను చూసినట్టు! అరవై నిండలేదు గనక పింఛను లేదు. ఇదేమీ చిన్న తప్పు కాదు. వయసు ఐదేళ్లు తక్కువ పడిందంటే అరవై నెలల పింఛను పోయినట్టే. ఇప్పటి లెక్కన రూ.2,40,000. కూలి మనిషి జన్మలో ఒక్కసారిగా చూడని సొమ్ము అది.

ఇందులో ఇంకో తమాషా ఉంది. ఆధార్ కార్డు పుట్టిన తేదీకి రుజువు కాదని దాన్ని జారీచేసే సంస్థే చెప్పింది. 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు కూడా ఒక రోడ్డు ప్రమాద పరిహారం కేసులో వయసు నిర్ణయానికి దాన్ని పట్టుకోవడం కుదరదంది. కోర్టులో చెల్లని తేదీ పింఛను దగ్గర మాత్రం శిలాశాసనం. పైగా పుట్టిన తేదీని మామూలుగా ఒక్కసారే మార్చనిస్తారు.

యానాదులు, చెంచులు, సవరలు లాంటివారికి బడి కాగితం ఎక్కడిది? ఆంధ్రప్రదేశ్‌లో గిరిజనులకు మాత్రం పింఛను వయసు 50గా పెట్టారు. మంచి నిర్ణయం. రోజంతా ఎండలో ఒళ్లు వంచినవాళ్లకు ముసలితనం ముందే వస్తుంది. ఆ మాట తాపీ పనివాళ్లకూ, మిరపకోత కూలీలకూ వర్తించదా అన్నది అడగాల్సిన ప్రశ్న. తెలంగాణలో 2022లో అందరికీ 57కు తగ్గించారు.

అరిగిన వేళ్లు

గుంటూరు మిరప యార్డులో తొడిమలు తీసినవాళ్లు, భీమవరం చుట్టుపక్కల రొయ్యలు వలిచినవాళ్లు, నిజామాబాద్ వైపు బీడీలు చుట్టినవాళ్లు, సున్నం, సిమెంటు కలిపినవాళ్లు... వీళ్ల వేలి గీతలు పనిలోనే అరిగిపోయాయి. వయసుతో చర్మం పలచబడి మిగిలినవి కూడా చదునవుతాయి. ఎక్కువ పనిచేసిన చేతినే మిషను గుర్తుపట్టదు. కంటిపాప చూపిద్దామంటే శుక్లాలు అడ్డం. అందుకే ఇప్పుడు ముఖం చూసి గుర్తుపట్టే పద్ధతులు వస్తున్నాయి. అవి పనిచేస్తే మేలే. కానీ ఇరవై ఏళ్లుగా ఆ అవ్వను రోజూ చూస్తున్న ఊళ్లో, ఆమె బతికే ఉందని చెప్పడానికి మిషను సాక్ష్యమే ఎందుకు కావాలో ఆమెకు అర్థం కాదు. వినేవాళ్లకూ అంత తేలిగ్గా అర్థం కాదు.

వయసు సరిపోయి, వేలు పడినా ఇంకో గడప ఉంది. ఇంటికి ఒక్కటే పింఛను. ముసలాయనకు వస్తుంటే ముసలామెకు రాదు. ఆయన పోయాక ఆమెకు బదలాయించే ఏర్పాటును 2024లో ఆంధ్రప్రదేశ్ తెచ్చింది. అంటే బతికినంతకాలం ఇద్దరూ ఒక్కదాంతో సర్దుకోవాలి. కొడుకు ఎక్కడో హైదరాబాదులో కారు కొన్నా, ఆదాయపు పన్ను కట్టినా, రేషన్ కార్డు ఒక్కటే అయితే ఊళ్లో తల్లి అనర్హురాలు. ఇంటి కరెంటు నెలకు సగటున 300 యూనిట్లు దాటినా అంతే. ఫ్రిజ్జు, ఏసీ కోడలివి. లెక్కలోకి వచ్చేది అత్త. కాగితం మీద కలిసి ఉన్న కుటుంబం, వంటింట్లో ఎప్పుడో వేరుపడిన సంగతి కంప్యూటరుకు తెలియదు.

అక్రమాలు ఉండవా? ఉంటాయి. దొంగ ధ్రువపత్రాలతో తీసుకుంటున్నవాళ్లను ఏరివేయాల్సిందే. కాని ఏరివేత మొదలైన ప్రతిసారీ ముందు భయపడేది దొంగ కాదు, కాగితం సరిగా లేని నిజమైన పేద.

ఈ చిక్కంతా లేకుండా చేసిన దేశం పక్కనే ఉంది. మన కేంద్ర పింఛను మొదలైన కాలంలోనే, 1995 ప్రాంతంలో, నేపాల్‌లో మన్మోహన్ అధికారి ప్రభుత్వం 75 దాటినవారికి నెలకు వంద రూపాయలు ఇవ్వడం మొదలుపెట్టింది. ఆదాయం అడగలేదు, కారు అడగలేదు. పౌరుడివేనా, వయసుందా, అంతే. ఇప్పుడు 68 దాటినవారికి నెలకు 4,000 నేపాలీ రూపాయలు, మన లెక్కన రూ.2,500. దళితులకు 60 నుంచే భృతి మొదలవుతుంది. మనకన్నా పేద దేశం అది. మన దేశంలోనూ అరుణా రాయ్, బాబా ఆఢావ్ లాంటివారు పింఛన్ పరిషత్ పేరుతో ఇదే అడుగుతూ వచ్చారు: అందరికీ పింఛను, కనీస వేతనంలో సగం. 2018 డిసెంబరులో అశ్వనీ కుమార్ కేసులో సుప్రీంకోర్టు కూడా వృద్ధుల పింఛన్ల మీద మరోసారి దృష్టి పెట్టమని కేంద్రానికి చెప్పింది. ఆ తర్వాత కూడా రూ.200 అంకె కదల్లేదు.

తల్లిదండ్రుల పోషణకు 2007 చట్టం ఉంది. ఆర్డీవో దగ్గర దరఖాస్తు పెడితే వకీలు లేకుండానే నెలకు రూ.10,000 దాకా పిల్లల చేత ఇప్పించవచ్చు. ఆస్తి రాయించుకుని గెంటేసిన కొడుకుల మీద అది మంచి ఆయుధం. కొడుకే కూలి అయితే? ఎవరి మీద కేసు వేయాలి? వైద్యంలోనూ ఇంతే. 70 దాటిన ఎవరికైనా రూ.5 లక్షల దాకా ఆసుపత్రి ఖర్చు ఇచ్చే ఆయుష్మాన్ పథకం 2024 అక్టోబరు చివర్లో వచ్చింది. ఆపరేషను పడితే అది ఆదుకుంటుంది. బీపీ మాత్రలు, మోకాళ్ల నొప్పుల గోళీలు మాత్రం ఆ ఎనిమిదో నోటులోంచే.

ఆంధ్రప్రదేశ్ జనాభాలో అరవై దాటినవారు 2021 నాటికే 12.4 శాతమని కేంద్రం అంచనా. పెద్ద రాష్ట్రాల్లో కేరళ, తమిళనాడు, హిమాచల్, పంజాబ్ తర్వాత మనమే. 2024లో ముఖ్యమంత్రి ఎక్కువమంది పిల్లల్ని కనమని పిలుపునిచ్చింది కూడా ఈ భయంతోనే. పుట్టబోయేవాళ్ల సంగతి తర్వాత. ఇప్పుడున్న ముసలివాళ్లను లెక్కలోకి తెచ్చుకోవడం ముందు పని. గ్రామసభలో వయసు తేల్చి, ఆ మాటనే రుజువుగా తీసుకోవచ్చు. భార్యాభర్తలకు చెరొక పింఛను ఇవ్వచ్చు. కొడుకు సంపాదనను తల్లి ఖాతాలో వేయడం మానవచ్చు. రాష్ట్రానికి నెలకు సుమారు రూ.2,700 కోట్లు అవుతున్న చోట ఇవి తేలిక కాదు. అందుకే కేంద్రం రూ.200 దగ్గర ఆగిపోవడం ఇంత బరువవుతోంది.

వృద్ధులకు సాయం కావాలంటే 14567 నంబరు ఉంది. టాటా ట్రస్టులు, విజయవాహిని ఫౌండేషన్ కలిసి 2017లో హైదరాబాదులో మొదలుపెట్టిన ఫోను సేవే తర్వాత దేశమంతటికీ వెళ్లింది. పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా పలుకుతారు. ఈసారి పండక్కి ఊరెళ్లినప్పుడు మీ వీధిలో పింఛను రాని అవ్వ ఎవరైనా ఉంటే, ఆమె ఆధార్ కార్డు అడిగి పుట్టిన తేదీ చూడండి. జనవరి ఒకటి అని ఉంటే, ఉప్పెన నాటికి ఆమె పెద్దకొడుకు ఎంతవాడో కూడా అడగండి. ఆ తేదీని దిద్దించడానికి ఆమెతో పాటు ఒకరోజు ఆఫీసుకు వెళ్లండి.